సాకు

సెమినరీ ఆసుపత్రి వార్డులో లిఫ్టు ఆగిపోయిందని
కంపెనీ నన్నే పంపింది. యాదృచ్ఛికం.
ఆ మాట ఆయన ఒప్పుకునేవారు కాదు:
“రెండు కారణాలు ఒకదాన్నొకటి ఎరక్కుండా
ఎదురుపడితే మనం పెట్టుకున్న పేరది, రాయప్పా.”

రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం.
ఫాదర్ శౌరిరాయలు.
బయట హెణ్ణూరు రోడ్డు హారన్లు,
కరెంటు తీగల కోసం సగం నరికిన చెట్టు.
ఒళ్లో కుడిచెయ్యి వణుకుతోంది
లోపల్నించి ఎవరో తలుపు తడుతున్నట్టు.

ఇరవై రెండేళ్ళ కింద ఆ చెయ్యే
నల్లబల్ల మీద రాసింది, లాటిన్‌లో ఒకసారి,
ఫిరంగిపురం తెలుగులో ఒకసారి:
కదిలేదేదైనా ఇంకోటి కదిపితేనే కదుల్తది.
“తాత పోయినా మనవడు బతుకుతాడు.
ఆ వరస ఎంత వెనక్కి పోయినా నాకు పేచీ లేదు.
నేనడిగేది దీపం సంగతి.
నూనె ఉన్నంతసేపే వెలుగు.
ఇప్పుడు, ఈ నిమిషాన, పోస్తున్నదెవరు?”

వెనక బెంచీ నుంచి నేను లేచాను.
“ఊహకందే వాటన్నిటికన్నా గొప్ప చేపల పులుసు
నా మనసులో ఉంది ఫాదర్.
మెస్సులోకి ఎందుకు రాదు?”
క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వి,
“పులుసులో ఇంకో ముక్క ఎప్పుడూ వెయ్యొచ్చురా.
ఇంకేమీ వెయ్యడానికి లేనిదాని గురించి కదా మన మాట.”
జవాబు నచ్చింది. నమ్మకం రాలేదు.
ఆ జూన్‌లో పెట్టె సర్దుకున్నాను.

ఇప్పుడు నా వేదాంతం ఇంతే:
పెట్టెని తాడు లాగుతుంది, తాడుని కప్పీ,
కప్పీని మోటారు, మోటారుని కరెంటు,
కరెంటు వెనక ఎక్కడో శరావతి,
శరావతి వెనక వాన,
వాన వెనక —
అక్కడ టార్చి ఆర్పేస్తాను. నా జీతం తాడు వరకే.

“గుర్తున్నానా ఫాదర్?”
మొహం చూడలేదు. చొక్కా జేబు మీద కుట్టిన పేరు చదివారు.
“ఏది కాదో చెప్పు ముందు,” అన్నారు.
పాత పాఠం. ఆయన రాయి కాదు, ఒళ్లు కాదు,
నిన్న కాదు, రేపు కాదు,
ముక్కలుగా ఊడేది కాదు,
అలా కాదు కాదంటూ గంట కొట్టేదాకా.
“చేపల పులుసు కాదు,” అన్నాను.
పెదవి ఒక పక్క కొంచెం కదిలింది.

సిస్టర్ జసింతా కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది.
అందివ్వబోతే కళ్ళతోనే వద్దంది.
అప్పుడు చూశాను.
ఒళ్లో ఊరికే ఉన్నంతసేపు వణికిన చెయ్యి
గ్లాసు వైపు బయల్దేరగానే కుదురుకుంది.
గ్లాసు కదల్లేదు. నెట్టలేదు, పిలవలేదు.
పొగలు కక్కుతూ ఉన్నచోటే ఉంది.
మధ్యలో ఆ జానెడు గాలిలో
అది సుద్దముక్క పట్టుకున్న పాత చెయ్యే.

తాగి దించాక మళ్ళీ వణుకు.

డాక్టర్లకి దీనికో పేరుంది. సిస్టర్ చెప్పింది,
మెదడులో ఏదో తరిగిందట. సరే.
రుజువని నేననను.
అంటే ఆయనే ముందు లేచేవారు:
అభ్యంతరం ఒకటి, అభ్యంతరం రెండు,
అభ్యంతరం మూడు, కాఫీ చల్లారాక ఏమిటి?

“సాకా ఫాదర్?” అంది సిస్టర్.
ఆమె కన్నడంలో అది, చాలా అని.
నా తెలుగులో సాకంటే వంక.
ఇంకో సాకు కూడా ఉంది మాకు,
వానకి తడిసి గుమ్మంలో చేరిన కుక్కపిల్లని
ఎవరూ అడక్కుండానే సాకడం.
ఆమె అడిగింది ఒకటి. ఆయన విన్నది ఏదో తెలీదు.
“సాకు,” అన్నారు, కళ్ళు మూసుకుని.

కిందికొచ్చి బ్రేకు మార్చాను.
ఖాళీ పెట్టెని ఒకసారి పైకి పంపాను.
ఎదురు బరువు చీకట్లో
నా ముందు నుంచే చప్పుడు లేకుండా దిగింది.
రెండో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి.
చాలాసేపు మూసుకోలేదు.

జాబ్ షీటులో ‘కారణం’ అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.
బ్రేకు లైనింగు అరిగింది, అని రాశాను.
అదీ నిజమే.